కిల్ట్ కిందికి జారుతోంది, స్పోరన్ తొడలకి కొట్టుకుంటోంది: కట్టడంలో తప్పెక్కడ?

కొత్తకిల్టు (ప్రశ్న)

వచ్చే శనివారం స్కాట్లండ్‌లో స్టర్లింగ్ దగ్గర పెళ్లి. పెళ్లికొడుకు వైపు మగవాళ్లంతా కిల్ట్‌లో, అంటే అక్కడి మగవాళ్లు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ల గళ్ల గుడ్డలో, రావాలన్నారు. అద్దె సెట్ ఇవాళే చేతికొచ్చింది. అందులో 8 గజాల ఊలు కిల్ట్, ప్రిన్స్ చార్లీ జాకెట్, మూడు గుండీల వెయిస్ట్‌కోట్, బొచ్చు స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి), దాని గొలుసు, వెడల్పాటి బెల్ట్, క్రీమ్ రంగు మేజోళ్లు, ఫ్లాషెస్ (మేజోళ్లని పట్టి ఉంచే, గుడ్డ నాలుకలున్న ఎలాస్టిక్ పట్టీలు), గిల్లీ బ్రోగ్స్ అనే బూట్లు, పిన్ను, చిన్న కత్తి ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే కాగితం మాత్రం లేదు.

ప్యాంటు ఎక్కడ కడతానో అక్కడే కిల్ట్ కట్టాను. ప్యాంటు సైజు 34, కిల్ట్ మీద 36 అని ఉంది. బకిళ్లు చివరి చిల్లులకి పోయాయి. అయినా గంట తిరిగేసరికి కిందికి దిగింది. అంచు మోకాళ్ల కిందికి వచ్చేసింది. వెనక కుచ్చిళ్లు నోళ్లు తెరుచుకున్నాయి, వెయిస్ట్‌కోట్ కింద తెల్ల చొక్కా కనబడుతోంది. అడుగు వేస్తే చాలు, స్పోరన్ తొడలకి టపటపా కొట్టుకుంటోంది. సైజే తప్పా, నేను కట్టడమే తప్పా? నాకు ఏ క్లాన్‌తోనూ (స్కాటిష్ వంశం) సంబంధం లేదు కదా, ఈ టార్టన్ (కిల్ట్ మీది గళ్ల డిజైన్) వేసుకుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారా అన్నది ఇంకో అనుమానం.

---

సూదీదారం

సైజు తప్పు కాకపోవచ్చండీ, చోటు తప్పు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే కారణం నుంచి వస్తున్నాయి. కిల్ట్ ప్యాంటు దగ్గర కాదు, బొడ్డు దగ్గర కట్టాలి.

టేపు తీసుకుని బొడ్డు మీదుగా చుట్టూ కొలవండి. ఊపిరి బిగబట్టకుండా, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. ప్యాంటు 34 వేసుకునేవాళ్లకి అక్కడ 36, 37 రావడం మామూలే. అలా వస్తే సైజు సరిపోయినట్టే. బొడ్డు దగ్గర కట్టినప్పుడు పట్టీలు నడిమి చిల్లుల్లో పడాలి. అక్కడ కూడా చివరి చిల్లుకి పోతే ఇవాళే వెనక్కిచ్చి మార్చుకోండి, శుక్రవారం దాకా ఆగితే మీ సైజు దొరక్కపోవచ్చు.

కింద కడితే ఇంత గొడవ ఎందుకంటే, కిల్ట్ గొట్టంలా కుట్టరు. బకిళ్ల వరస దగ్గర బాగా సన్నం చేసి, పిర్రల దాకా వెడల్పు చేస్తూ పోతారు. ఆ మేరకి కుచ్చిళ్లని కుట్టి పట్టేసి, అక్కణ్ణించి కిందికి వదిలేస్తారు. దాన్ని నాలుగంగుళాలు దించి కడితే సన్నగా ఉండాల్సిన భాగం వెడల్పు చోట కూర్చుంటుంది, కుచ్చిళ్లు లాగబడి తెరుచుకుంటాయి. కుట్టు అయిపోయే గీత పిర్రల కిందికి పోతుంది, వెనక సంచిలా ఉబ్బుతుంది. 8 గజాల ఊలు బరువు కూడా తక్కువేం కాదు. నడుము దగ్గర కడితే కింద తుంటి ఎముకలు మెట్టులా ఆపుతాయి. తుంటి మీదే కడితే ఇక ఆపేది ఏమీ ఉండదు, జారుతుంది.

మన పంచెకి కుచ్చిళ్లు ముందుంటాయి, దీనికి వెనక. కట్టే వరస ఇదీ.

చొక్కా తొడుక్కుని, మేజోళ్లూ బూట్లూ ముందే వేసేసుకోండి. కిల్ట్ కట్టాక వంగి లేసులు కట్టడం చిరాకు, పైగా ముందు భాగం నలుగుతుంది.

కిల్ట్‌ని వెనక నుంచి పట్టుకోండి, కుచ్చిళ్లు నడుము వెనక మధ్యలోకి రావాలి. రెండు చివరలా కుచ్చిళ్లు లేని చదును భాగాలని ఏప్రన్ అంటారు, కుడి చేతిలో ఉండేది లోపలి ఏప్రన్. దాన్ని పొట్ట మీదుగా ఎడమ వైపుకి తెచ్చి, దాని పట్టీని ఎడమ తుంటి దగ్గరున్న చీలికలోంచి బయటికి తీసి, అక్కడి బకిల్‌కి పెట్టండి. ఆ చీలిక చాలామందికి కనపడదు. అది వదిలేసి పై ఏప్రన్ ఒక్కదానితో నెట్టుకొస్తే కిల్ట్ సగం బలంతో నిలబడినట్టే. మీదీ అదేనేమో ఒకసారి చూడండి.

తర్వాత ఎడమ చేతిలోని పై ఏప్రన్‌ని కుడి వైపుకి తెచ్చి, పై పట్టీని కుడి బకిల్‌కి బిగించండి. దారాల కుచ్చు ఉన్న అంచు మీ కుడి తొడ మీద పడాలి. ఎడమ వైపు పడిందంటే తిప్పి కట్టారన్నమాట. ఆడవాళ్ల కిల్ట్ స్కర్ట్ తెరుచుకునేది ఆ వైపు.

కుడి వైపు కిందున్న మూడో పట్టీ, అంటే తుంటి పట్టీ, బలానికి కాదు. పై రెండూ బిగువుగా ఉండాలి, లోపల రెండు వేళ్లు ఇరుకుగా దూరేంత. ఈ మూడోది ముడతలు పడకుండా ఊరికే ఆనితే చాలు. దీన్ని బిగిస్తే కుచ్చిళ్లు ఒక వైపుకి లాగబడి వెనక చారలన్నీ వంకరపోతాయి. ఎక్కువమంది జారుతోందని బిగించేది దీన్నే, చెడేది కూడా ఇక్కడే. కొన్ని కిల్ట్‌లకి రెండే పట్టీలుంటాయి, వాటితో ఈ తలనొప్పి లేదు.

ఇప్పుడు అద్దం ముందు నిలబడండి. ఏప్రన్ మధ్య చార బొడ్డుకి సూటిగా ఉండాలి. బకిళ్ల వరస నడుము సన్నగా ఉన్న చోట, కిల్ట్ పై అంచు దానికన్నా అంగుళం, రెండంగుళాలు పైన. అంచు మోకాలి చిప్ప మధ్యకి గానీ పై అంచుకి గానీ రావాలి, అంతకన్నా కిందికి వద్దు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నప్పుడు అంచు నేలకి తగలకుండా అంగుళం లోపు పైన ఆగితే సరి. నేల మీద పరుచుకుందంటే ఇంకా కిందే కట్టారు. సరిగ్గా బొడ్డు దగ్గర కట్టాక చొక్కా కనబడటం దానంతటదే పోతుంది, ప్రిన్స్ చార్లీ వెయిస్ట్‌కోట్ ఆ ఎత్తుకే కత్తిరిస్తారు.

బొజ్జ ఉన్నవాళ్లు బొజ్జ కింద కడదామనుకుంటారు. కట్టకండి. ముందు అంచు దిగిపోతుంది, వెనకది లేస్తుంది. బొజ్జ మీదుగా, బొడ్డు ఎత్తులోనే కట్టాలి.

---

గ్లాస్గోగాలి

సూదీదారం గారు చెప్పాక కిల్ట్ గురించి నేను చెప్పడానికేం లేదు. స్పోరన్ సంగతి నేను చెప్తాను.

బెత్తెడు గుర్తుపెట్టుకోండి. వెయిస్ట్‌కోట్ చివరి గుండీ నుంచి, లేదా బెల్ట్ బకిల్ నుంచి, స్పోరన్ పై అంచుకి మధ్య నాలుగు వేళ్లు అడ్డంగా పెడితే పట్టాలి. మీది దీనికి బాగా కిందుంది, అందుకే నడిచినప్పుడు తొడల ముందు లోలకంలా ఊగుతోంది. పైకి తెస్తే పొత్తికడుపుకి ఆనుకుని ఊగడం ఆగుతుంది. మరీ పైకి లాగితే పొట్టకి అంటించినట్టు ఉంటుంది, కూర్చుంటే పొట్టలో గుచ్చుతుంది.

గొలుసు రెండు వైపులా తుంటి మీదుగా వెళ్లి, వెనక తోలు పట్టీలో కలుస్తుంది. పట్టీ బకిల్ వెన్నెముక మీదికి రావాలి. స్పోరన్ ఎత్తు తక్కువైతే ఆ పట్టీని ఒక చిల్లు బిగించండి, అంతే. గొలుసు కొక్కేలు స్పోరన్ వెనకున్న రింగులకి తగిలించే ముందు మెలికలు తీసేయండి. ఒక మెలిక ఉన్నా స్పోరన్ ఒక పక్కకి తల వాలుస్తుంది. ఎంత సర్దినా నిలబడదు, కారణం కూడా వెంటనే తట్టదు.

లోపల ఏం పెడుతున్నారు? కిల్ట్‌కి జేబుల్లేవు కాబట్టి అందరూ అన్నీ అందులోకే తోస్తారు. బొచ్చు డ్రెస్ స్పోరన్ లోతు తక్కువ. ఫోను, రెండు కార్డులు, ఒక తాళంచెవి, అంతవరకే. ఫోను ఒంటి వైపు గోడకి పడుకోబెట్టి పెట్టండి, ముందు వైపు పెడితే మూత ఉబ్బి స్పోరన్ ముందుకి వంగుతుంది. లావు పర్సు జాకెట్ లోపలి జేబుకి పోవాలి.

బెల్ట్ పంపించారన్నారు. ప్రిన్స్ చార్లీ వెయిస్ట్‌కోట్ వేసుకుంటున్నారు కదా, బెల్ట్ పెట్టెలోనే ఉంచేయండి. వెయిస్ట్‌కోట్ కింద అంత పెద్ద బకిల్ ఉబ్బెత్తుగా కనపడుతుంది. వెయిస్ట్‌కోట్ లేనప్పుడే బెల్ట్. అప్పుడైనా అది కిల్ట్‌ని పట్టుకోవడానికి కాదు, అలంకారానికి.

టార్టన్ గురించి దిగులొద్దు. బ్లాక్ వాచ్, రాయల్ స్టువర్ట్ లాంటివి క్లాన్‌తో పనిలేకుండా లోకమంతా వేసుకుంటోంది. బాల్మోరల్ ఒక్కటి రాజకుటుంబానిది, అది అద్దె సెట్‌లో ఎలాగూ రాదు. మీ టార్టన్ పేరేంటో చూడాలంటే స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌లో వెతుక్కోవచ్చు, 2009 నుంచి ఆన్‌లైన్లో ఉంది.

---

డ్రమ్ముదెబ్బ

స్పోరన్ పట్టీ గురించి ఒకటి చేర్చాలి. కిల్ట్ వెనక పైన రెండు వెడల్పు లూపులుంటాయి. అవి బెల్ట్ కోసమని కొందరంటారు, స్పోరన్ పట్టీ కూడా వాటిలోంచే పోవాలని కొందరు. నా మాట అడిగితే దూర్చండి. దూర్చకపోతే పట్టీ కుచ్చిళ్ల మీదుగా కిందికి జారి, స్పోరన్ మళ్లీ మొదటికి వస్తుంది.

---

గ్లాస్గోగాలి

బరువు తక్కువైతేనే, డ్రమ్ముదెబ్బ గారూ. స్పోరన్ నిండా సామాను కూరి లూపుల్లో వేలాడదీస్తే వెనక నడుంపట్టీ కిందికి గుంజుకుపోతుంది, కిల్ట్ వెనక్కి వాలుతుంది. ఖాళీ స్పోరన్ అయితే లూపుల్లోంచి, నిండుదైతే తుంటి మీద నేరుగా.

---

డ్రమ్ముదెబ్బ

ఒప్పుకున్నాను. అసలు నిండా కూరొద్దనే మీరూ అన్నారు కదా, కాబట్టి లూపులే గెలిచాయి.

మోకాలి కింది సంగతి. మేజోడు పై మడత మోకాలి చిప్పకి మూడు వేళ్లు కింద ఆగాలి. రెండు కాళ్లకీ ఒకే ఎత్తులో ఉందో లేదో వేళ్లతోనే కొలవండి, కంటికి నమ్మకం లేదు. ముందు మేజోడు పూర్తిగా పైకి లాగి, ఫ్లాషెస్ ఎలాస్టిక్ పిక్క పైన చుట్టి, ఆ తర్వాత మడతని దాని మీదికి దించండి. ఎలాస్టిక్ కనపడకూడదు. గుడ్డ నాలుకలు మడత కింద నుంచి అంగుళం, అంగుళంన్నర తొంగి చూడాలి, కాలి బయటి వైపు, కొంచెం ముందుకి. ఎలాస్టిక్ గట్టిగా బిగిస్తే సాయంత్రానికి పిక్కలు తిమ్మిరెక్కుతాయి. వదులైతే నాలుగు అడుగులకే మేజోడు చీలమండ దగ్గరికి చేరుతుంది. ఒక వేలు దూరేంత వదులు చాలు.

గిల్లీ బ్రోగ్స్‌కి నాలుక ఉండదు, లేసులు బారెడు ఉంటాయి. చూడగానే పాడైన బూట్లు పంపారనిపిస్తుంది, వాటి తీరే అంత. రెండు లేసుల్నీ ముందు బిగించి ఒకదాని చుట్టూ ఒకటి మూడు నాలుగు సార్లు మెలేసి నిలువుగా పైకి తేవాలి. తర్వాత చీలమండ పైనుంచి వెనక్కి తిప్పి, ముందుకి తెచ్చి ముడి. ముడి ముందు గానీ కొంచెం బయటికి గానీ. పిక్క మధ్య దాకా చుట్టుకుంటూ పోకండి, అక్కడ ఆగదు, జారి బూటు మీద పోగుపడుతుంది.

చిన్న కత్తి పేరు స్కీన్‌డూ. కుడిచేతి వాటం అయితే కుడి మేజోడులో, బయటి వైపు, పిడి మాత్రమే మడత పైన కనపడేలా. పిడి మొత్తం బయటికొచ్చి ఊగుతుంటే లోతు చాల్లేదని. కొన్ని అద్దె సెట్లలో ఇచ్చేది ప్లాస్టిక్ డమ్మీ, మీదీ లాగి చూడండి. నిజమైనదైనా స్కాట్లండ్‌లో జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకోవడానికి 1995 చట్టంలోనే వెసులుబాటు ఉంది. విమానానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. చెక్‌ఇన్ బ్యాగ్‌లో పెట్టాలి. గొలుసూ స్పోరన్ తీసి ట్రేలో పెట్టకపోతే గేటు మోగుతుంది.

---

కొత్తకిల్టు

అందరికీ దండాలు. బొడ్డు దగ్గర కొలిస్తే 36న్నర వచ్చింది. చీలిక దొరికింది, నిజంగానే లోపలి పట్టీ ఊరికే వేలాడుతోంది. ఇప్పుడు మూడో చిల్లులో పడింది, చొక్కా కనపడటం లేదు, స్పోరన్ నోరు మూసుకుంది.

కొత్త తంటా: లోపలి ఏప్రన్ అంచు పై దాని కింద అర అంగుళం బయటికి కనబడుతోంది. పిన్ను ఎక్కడ గుచ్చాలి, రెండు పొరలకీ కలిపేనా? సాయంత్రం కేలీ డాన్సుందట (స్కాటిష్ జానపద నాట్యాల విందు), అంతకుముందు గంటన్నర కారు. కూర్చోవడం ఎలా? ఊలు తొడలకి గీసుకుంటోంది కూడా, కింద ఏం వేసుకోవాలో అడగడానికి మొహమాటంగానే ఉంది కానీ అడుగుతున్నా.

---

సూదీదారం

లోపలి ఏప్రన్‌ని ఎడమకి తెచ్చేటప్పుడే దాని చివరని అర అంగుళం పైకెత్తి పట్టుకుని బకిల్ పెట్టండి. వాలుగా పైకి పోతుంది, పై ఏప్రన్ దాన్ని కప్పేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు కావాలనే అలా కడతారు.

పిన్ను పై ఏప్రన్‌కి మాత్రమే. రెండు పొరలూ కలిపి గుచ్చితే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఒక పొర ఇంకోదాన్ని లాగుతుంది; ఆ లాగుడుకి పిన్ను చుట్టూ ఊలు చిరుగుతుంది. అద్దె గుడ్డ, డిపాజిట్ గుర్తుంచుకోండి. కుచ్చు అంచుకి రెండంగుళాలు లోపలికి, కింది అంచుకి మూడు నాలుగంగుళాలు పైన, నిలువుగా గుచ్చండి. చారల్లో ఏదో ఒక గీత పక్కగా పెడితే వంకర కనపడదు.

కింద ఏం వేసుకోవాలంటే, అద్దె కిల్ట్‌కి లోదుస్తు వేసుకోవాలి. ఇందులో సంప్రదాయం గురించి వాదన అనవసరం, ఆ కిల్ట్ మీ తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. సొంతదైతే మీ ఇష్టం. గీసుకోవడానికి మందు, తొడల సగం దాకా వచ్చే నున్నటి సైక్లింగ్ షార్ట్స్, ముదురు రంగువి. కిల్ట్ లోపల అస్తరు నడుము దగ్గరే ఉంటుంది, కిందంతా ఒట్టి ఊలే, చెమట పడితే ఇంకా గీస్తుంది. చొక్కా అంచుల్ని బాగా కిందికి లాగి వదిలినా పై సగం తొడలకి అడ్డం పడుతుంది.

---

డ్రమ్ముదెబ్బ

కూర్చోవడం: కుర్చీకి వీపు పెట్టి నిలబడి, అరచేతి వెనక భాగంతో కుచ్చిళ్లని నడుము నుంచి కిందికి ఒక్కసారి నిమిరి, అవి చదునుగా తొడల కిందికి వచ్చేలా చేసి కూర్చోండి. నిమరకుండా ధబీమని కూర్చుంటే కుచ్చిళ్లు అడ్డదిడ్డంగా మడతపడతాయి, గంటన్నర తర్వాత లేచేసరికి వెనక నలిగిన కాగితంలా ఉంటుంది. మోకాళ్లు దగ్గరగా ఉంచితే స్పోరన్ ఒళ్లో పడి ముందు గుడ్డని తానే పట్టుకుంటుంది, స్పోరన్ బరువు అక్కడ పనికొస్తుంది.

కారులో ముందు కూర్చుని, కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పండి. ఒక కాలు బయటా ఒక కాలు లోపలా పెట్టి ఎక్కే పని ప్యాంటుకే. స్పోరన్‌ని తుంటి పక్కకి తిప్పేశాకే సీటు బెల్ట్. దారి దూరం అంటున్నారు కాబట్టి, వీలైతే కిల్ట్ ప్యాక్ చేసుకుని వెళ్లి అక్కడే కట్టుకోవడం నయం.

కేలీలో కూడా స్పోరన్ పక్కకే. స్ట్రిప్ ద విల్లో అనే డాన్సులో చేతులు పట్టుకుని గిర్రున తిప్పుతారు, ముందున్న స్పోరన్ ఎదుటివాళ్లకి తగులుతుంది, మీకు ఇంకా గట్టిగా తగులుతుంది. పట్టీని కొంచెం వదులు చేసి స్పోరన్‌ని ఎడమ తుంటి మీదికి జరపండి. స్కీన్‌డూ తీసి జాకెట్‌లో పెట్టేయండి, గెంతుల్లో మేజోడులోంచి ఎగిరి పడుతుంది. తిరిగేటప్పుడు కుచ్చిళ్లు లేస్తాయి, అది వాటి పనే. 16 ఔన్సుల గుడ్డ అయితే బరువుకి తిరిగి వెంటనే పడుతుంది, 10, 11 ఔన్సుల పల్చటిదైతే గాలికి కూడా లేస్తుంది. మీ సైక్లింగ్ షార్ట్స్ ముదురు రంగువి కావాలన్నది ఇందుకే.

టాయిలెట్‌కి వెళ్లినప్పుడు కూడా స్పోరన్ పక్కకి, తర్వాత రెండు ఏప్రన్లూ మధ్యలో కలిపి పైకెత్తాలి. బకిళ్లు విప్పనక్కర్లేదు.

---

గ్లాస్గోగాలి

ప్యాక్ చేసుకుని వెళ్తే మడతపెట్టకండి, చుట్టండి. మంచం మీద కిల్ట్‌ని కుచ్చిళ్లు వేళ్లతో సర్ది, నిడివి వైపు కాకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చాపలా చుట్టి, పాత నైలాన్ స్టాకింగ్ కాలు కత్తిరించి గొట్టంలా తొడగండి. అలా అయితే సూట్‌కేసులో మూల కూడా అడ్డం రాదు, కుచ్చిళ్లు కత్తి అంచుల్లా ఉంటాయి. దిగాక నడుంపట్టీని క్లిప్పులున్న హ్యాంగర్‌కి తగిలించి, వేడినీళ్ల ఆవిరి పట్టిన బాత్‌రూమ్‌లో పావుగంట వేలాడదీస్తే చిన్న నలుగుళ్లు పోతాయి. ఇస్త్రీ పెట్టె తీయకండి. కుచ్చిళ్లు ఇస్త్రీ చేయాలంటే ముందు ఒక్కోదాన్ని పొడుగు కుట్లతో పట్టించాలి. కుట్లు లేకుండా చేస్తే పాత మడత పక్కనే కొత్త మడత పడుతుంది.

వాన పడి తడిస్తే హీటర్ మీద పరవొద్దు. హ్యాంగర్‌కి నిలువుగా, కుచ్చిళ్లు సర్ది, గాలికే ఆరనివ్వండి. బొచ్చు స్పోరన్ తడిస్తే పొడి గుడ్డతో అద్ది, ఆరాక వెంట్రుకలు దిగే వైపుకే దువ్వండి. ఎదురు దువ్వితే చెట్టెక్కిన పిల్లిలా లేచి నిలబడుతుంది, డిపాజిట్ వాళ్లు ముందు చూసేది అదే.